వృద్ధుల సంఘములు - పక్షభేదములు

మహానంది కోనేటిగట్టున కూర్చుండి మాటలాడుకొను పెద్దలకు ఎన్నడును కొఱత లేదు. నల్లమల కొండ పాదముననున్న ఈ క్షేత్రమునకు నంద్యాలనుండి బస్సులలో వచ్చువారు, సత్రములలో నాలుగుదినములు నిలుచువారు, చుట్టుపట్ల పల్లెలనుండి ప్రొద్దుననే నడచివచ్చి స్నానముచేసి పోవువారు - వీరిలో తలనెరసినవారే యెక్కువ. ఇటీవల ఒక సోమవారమున మేమును అచట నుండగా పదిమంది పెద్దల నడుమ ఒక వాగ్వాదము పుట్టినది. వృద్ధుల హక్కులకొఱకు ఏర్పడిన ఒక సంఘమున చేరవలెనా, వలదా యని ప్రశ్న. సంఘము మంచిదేనని అందఱును ఒప్పుకొనిరి. దాని కార్యదర్శి మాత్రము ఎదుటి పక్షమువాడట! ఈ యొక్క కారణముచేత పదిమందిలో ఏడుగురు చేరమనిరి.

ఆ యేడుగురును పొరపడిరని మా యభిప్రాయము. కాని వారి సంకోచమును నవ్వి త్రోసివేయుట తగదు. రాయలసీమ పల్లెలలో పక్షమనునది ఓటుపెట్టెతో ముగియునది కాదు. ఏ యరుగుపై కూర్చుండవలెను, ఏ యింటి పెండ్లికి పోవలెను, ఏ యంగడిలో సరుకు కొనవలెను అను సంగతులను సయితము వర్గమే నిర్ణయించిన దినములను నేటి వృద్ధులు కన్నులార చూచినవారు. కక్షలలో బిడ్డలను పోగొట్టుకొన్న తలిదండ్రులు వారిలో గలరు. అట్టివారితో 'భేదములు మఱచి చేతులు కలుపుడు' అని పట్టణమునుండి వచ్చి ఉపన్యసించుట సులభము. ఆ సాయంకాలము ఆ వీథినే నడచి యింటికి పోవలసినవాడు ఉపన్యాసకుడు కాడు. కావున మేము వారిని మఱవుమని కోరుట లేదు. తమ పక్షమును తమయొద్దనే యుంచుకొని సంఘమున చేరవచ్చునా యనునదే ఇచట విచార్యాంశము.

ముందుగా పింఛను చరిత్రను చూడుడు. ఆంధ్రప్రదేశమున వృద్ధుల పింఛను 2014 తరువాత ఎన్.టి.ఆర్. భరోసా యనిపించుకొన్నది, 2019 తరువాత వై.ఎస్.ఆర్. పింఛను కానుక యైనది. 2024లో మరల ఎన్.టి.ఆర్. భరోసాయే యైనది. పేరు మాఱినను పుచ్చుకొను చేయి అదియే. నెలకు 200 రూపాయలుగా నున్నది 2014లో 1000 అయినది. 2019 ఎన్నికలకు కొలది నెలల ముందు 2000 అయినది. ఆవలి ప్రభుత్వముచేత మెట్టుమెట్టుగా పెరిగి 2024 జనవరిలో 3000కు వచ్చినది. అదే సంవత్సరము జూలైలో, ప్రభుత్వము మాఱిన పిదప, 4000 అయినది. ఇరుపక్షములును పెంచినవే, ఇరుపక్షములును తమ ముద్ర వేసినవే. ఈ పెంపుదలలకును ఎన్నికల పంచాంగమునకును గల పొత్తును పాఠకులే గమనింతురు గాక.

ఈ పోటీ వృద్ధునకు లాభించినదనువారు కలరు. ఔను, లాభించినది. కాని 2024 ఏప్రిలు మాసమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఎన్నికల సమయమున వాలంటీర్లు పింఛను పంచరాదని ఎన్నికల సంఘము ఆజ్ఞాపించినది. ఇంటికి వచ్చు సొమ్ముకొఱకు ముసలివారు సచివాలయములకు పోయి సీమ యెండలో నిలువవలసివచ్చినది. ఒక పక్షము రెండవదానిని నిందించినది. రెండవది మొదటిదానిని నిందించినది. ఆ నెలలో వృద్ధులనుగూర్చి మాటలాడినవారు పెక్కురు. వృద్ధులే మాటలాడగా వినినవారు ఎందఱు? అరుగుమీదనుండి లేవలేనివానికి సొమ్మెట్లు చేర్చవలెనో వృద్ధులకన్న బాగుగ ఎఱిగినవారు లేరు. ఊరూర వారికొక సంఘముండి, ఇరుపక్షములవారును చేవ్రాళ్లు చేసిన మహజరొకటి జిల్లా కలెక్టరుకు పోయియుండినచో, దానిని ఏ పక్షపు ఎత్తుగడయని త్రోసివేయగలిగెడివారు?

కేంద్రప్రభుత్వపు సంగతి ఇంకను విచిత్రము. 1995 ఆగష్టు 15న నెలకు 75 రూపాయలతో ఆరంభమైన జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రపు వాటా తరువాత 200 అయినది. ఎనుబదియేండ్లు నిండినవారికి 2011లో 500 అయినది. అరువది మొదలు డెబ్బదితొమ్మిది యేండ్లవారికి మాత్రము ఆ 200 అట్లే నిలిచినది. కాంగ్రెసు నాయకత్వమున ప్రభుత్వము నడచినది. భారతీయ జనతాపక్ష నాయకత్వమునను నడచినది. బియ్యము ధర పెరిగినది, మందుల ధర పెరిగినది. 2024 నాటికిని ఆ వాటా కదలలేదు. రైలు టికెట్టుపై అరువదియేండ్ల పురుషులకు నూటికి 40, ఏబదియెనిమిదియేండ్ల స్త్రీలకు నూటికి 50 చొప్పున నుండిన తగ్గింపు 2020 మార్చి 20న నిలిచిపోయినది. మహమ్మారి తగ్గి రైళ్లన్నియు నడచిన పిదపను ఏండ్లతరబడి అది తిరిగి రాలేదు. ఈ రెండు విషయములలో కాంగ్రెసు వృద్ధుడు, భాజపా వృద్ధుడు, తెలుగుదేశపు వృద్ధుడు, వై.ఎస్.ఆర్. పక్షపు వృద్ధుడు అను భేదము ఎచటనున్నదో మాకు తెలియకున్నది.

ఇక మా వృత్తిలో మేము చూచినదొకటి చెప్పెదము. మహానంది నీటితో పండు పల్లెలలో ఒకదానినుండి డెబ్బదినాలుగేండ్ల రైతు ఒకడు మాయొద్దకు వచ్చెను. నాలుగెకరముల అరటితోట కుమారునిపేర దానపత్రము వ్రాసియిచ్చి ఐదేండ్లయినది. మొదట ఒక యేడు గడచినది. తరువాత గిన్నెలో పోయు అన్నము తగ్గినది. ఆ తరువాత వాకిలి వెలుపల మంచము పడినది. మోకాళ్లు వంగవు, కన్ను ఒకటియే కనబడును. కుమారునిపై వ్యాజ్యము తెచ్చుటకు ఆతనికి మనసొప్పలేదు. రాత్రికి మరల ఆ వాకిలికే పోవలెను గదా! ఆ పల్లెకు దాపుననే వృద్ధుల సంఘమొకటి యున్నదనియు, దాని కార్యదర్శి అర్జీ వ్రాసి వెంటవచ్చుననియు మేము చెప్పితిమి. కార్యదర్శి విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎదుటి పక్షమువాడు. రైతు చాలసేపు నేలచూపు చూచి, "ఆయప్ప చేతికింద నేను సంతకం పెట్టల్లనా సారూ? ఊర్లో నా మొగమేమి గావల్ల?" అనెను. లేచి వెడలిపోయెను.

ఇట్టి వృద్ధులకొఱకు చట్టము లేకపోలేదు. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. ఉపవిభాగపు అధికారి హోదాకు తగ్గని యుద్యోగి అధ్యక్షతను ట్రిబ్యునలు విచారించును. నెలకు 10,000 రూపాయలకు మించని పోషణధనము విధింపవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తీర్పు చెప్పవలెను. ప్రత్యేక కారణములున్న మఱి 30 దినములు. ఈ చట్టపు 17వ సెక్షను మావంటి వకీళ్లను గుమ్మము వెలుపల నిలిపినది. 2021లో కేరళ ఉన్నతన్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పినది; అది వేఱుకథ. వకీలు లేనిచో వ్యాజ్యము త్వరగా తెమలునని శాసనకర్తలు తలంచిరి కాబోలు. మాకు కోపము రాలేదు, కొంత సిగ్గు మాత్రము కలిగినది.

అయితే వకీలును వెలుపల నుంచిన ఆ చట్టమే సంఘమును లోపలికి పిలిచినది. దీనిని మన పెద్దలలో నూటికొకడైన ఎఱుగునో లేదో! 5వ సెక్షను ప్రకారము వృద్ధుడు తానే అర్జీ పెట్టుకొనవచ్చును. తనకు చేతకానిచో తాను అధికారమిచ్చిన మఱియొక వ్యక్తిగాని, రిజిస్టరు అయిన స్వచ్ఛంద సంఘముగాని ఆతని పక్షమున పెట్టవచ్చును. అనగా మోకాళ్లు వంగనివానికి సంఘమే కాళ్లు. అర్జీదారుడు రాత్రి ఆ వాకిలికే పోవలసినను, ఆతనివెనుక ఏబదిమంది యున్నారని వాకిటిలోనివారికి తెలియును. కచేరిలో ఒంటిగా నిలుచున్న ముసలివానిని 'రేపు రమ్ము' అనుట గుమాస్తాకు తేలిక. సంఘపు ముద్రతో వచ్చిన కాగితమునకు ఆ మాట చెప్పుట అంత తేలిక కాదు.

దానపత్రముల సంగతి యింకను ముఖ్యము. ఆ చట్టపు 23వ సెక్షను, తనను పోషింపవలెనను షరతుతో వృద్ధుడు ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో మరల రద్దుచేయించుకొనుటకు అవకాశమిచ్చుచున్నది. మన రిజిస్ట్రారు కచేరీల ముంగిట వ్రాయబడు దస్తావేజులలో 'ప్రేమాభిమానములచేత' అను మాట తప్పక యుండును. 'పోషింపవలెను' అను మాట తఱచుగా ఉండదు. కుమారునియొద్ద అట్టి షరతు వ్రాయించుకొనుట అవమానమని తండ్రి తలంచును. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, అట్టి షరతుతో ఇచ్చినదని స్థాపింపబడనిదే ఈ సెక్షను క్రింద దానము రద్దు కానేరదనెను. 2025 జనవరిలో అదే న్యాయస్థానము మఱియొక వ్యాజ్యమున, దానపత్రముతోపాటు కుమారుడు వేఱుగ వ్రాసియిచ్చిన వాగ్దానపత్రమును లెక్కలోనికి తీసికొని, వృద్ధుల మేలుకొఱకు పుట్టిన చట్టమును ఉదారముగ అన్వయింపవలెనని తల్లికి ఆస్తిని తిరిగి యిప్పించెను. ఒక్క పంక్తి వ్రాతకు ఎంత విలువ! ఆ పంక్తిని వ్రాయించుకొనుమని సంతకమునకు ముందు చెప్పువాడెవడు? వకీలునొద్దకు రైతు సంతకమైన పిదపనే వచ్చును. అరుగుమీద నెలకొకసారి కూడు సంఘమైతే ముందే చెప్పగలదు. ఏ పక్షపు కుమారునిచేతనైనను తండ్రి మోసపోవచ్చును గదా!

సంఘబలముచేత ఏమగునని యడుగువారు 1982 డిసెంబరు 17ను తలంచుకొనవలెను. నాడు సుప్రీంకోర్టు ధర్మాసనము నకారా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. 1979 మార్చి 31వ తేదీకి ముందు విశ్రాంతి పొందినవారికొక లెక్క, తరువాత పొందినవారికొక లెక్క చొప్పున పింఛను కట్టుట సమానత్వమునకు విరుద్ధమనియు, పింఛను ప్రభుత్వము దయదలచి యిచ్చు భిక్ష కాదు, చేసిన సేవకు లభించిన హక్కనియు నిర్ణయించెను. ఆ వ్యాజ్యమున అర్జీదారులు ముగ్గురు. ఇద్దఱు విశ్రాంతోద్యోగులు, మూడవది 'కామన్ కాజ్' అను రిజిస్టరు సంఘము. తామై కోర్టుకు రాజాలని ముదుసలులు వేలకొలదిగ నున్నారు గనుక వారికొఱకు ఆ సంఘము వచ్చినది. ఆ తీర్పువలన లాభము పొందినవారు ఏ పక్షమునకు ఓటువేసిరో ఎవరును అడుగలేదు. దేశమంతట విశ్రాంతోద్యోగులు డిసెంబరు 17ను పింఛనుదారుల దినముగ జరుపుకొనుటకు ఇదియే కారణము.

ఇక ఎదుటివారి వాదము. దానిని దాచుట న్యాయవాదికి తగదు. "సంఘము మాదని చెప్పెదరు, మంత్రి వచ్చినప్పుడు పూలమాల వేయునది కార్యదర్శి. ఫోటోలో మా తలలుండును. ఎన్నికలనాడు 'వృద్ధులందఱు మావైపే' యని ఆ ఫోటోయే పంచబడును. మా పేరు మాకు తెలియకుండ అమ్ముడుపోవును." ఇది ఆ కోనేటిగట్టుననే మాకు వినవచ్చిన మాట. ఇది నిజము కాదనలేము. ఇట్లు జరిగిన సంఘములను మేమును ఎఱుగుదుము.

ఈ చిక్కు మన దేశమునకే చెందినది కాదు. అమెరికా దేశమున 1958లో విశ్రాంత ఉపాధ్యాయిని ఎథెల్ పెర్సీ ఆండ్రస్ స్థాపించిన ఏ.ఏ.ఆర్.పి. యను సంఘమునకు మూడున్నర కోట్లకు పైగా సభ్యులు గలరు. ఏబదియేండ్లు నిండినవారు, రెండు మహాపక్షములకును చెందినవారు అందున్నారు. 2003లో వృద్ధుల మందుల ఖర్చునకు సంబంధించిన చట్టమును, అధ్యక్షుడు బుష్ పక్షము తెచ్చినదానిని, ఆ సంఘము బలపఱచినది. డెమొక్రాటు సభ్యులు కోపించి తమ సభ్యత్వపు కార్డులు చింపివేసిరి. ఆఱేండ్లు గడవకముందే అధ్యక్షుడు ఒబామా తెచ్చిన ఆరోగ్యభీమా సంస్కరణమును అదే సంఘము సమర్థించినది. ఈసారి రిపబ్లికను సభ్యులు వేలకొలదిగ వెడలిపోయిరి. మొదట చింపినవారికి పశ్చాత్తాపము కలిగెనో, తరువాత వెడలినవారిని చూచి నవ్వుకొనిరో మేమెఱుగము. సంఘము మాత్రము నిలిచినది. దానిపై వచ్చిన వేఱొక నిందయే మాకు పెద్దదిగ తోచుచున్నది: అది తన పేరుతో భీమా అమ్మించి దానివలన పెద్ద రాబడి పొందుచున్నదట. చందాతో బ్రదుకని సంఘము ఎవరి సొమ్ముతో బ్రదుకునో వారి మాట వినకతప్పదు. మంత్రి యిచ్చిన మేడకన్న సభ్యులిచ్చిన చాప మేలు.

కావున చేరువారు కన్నులు మూసికొని చేరవలదు. చేరకముందు నిబంధనల పుస్తకము నడుగుడు. పక్షమున పదవిగలవాడు సంఘమున పదవి వహింపరాదని అందున్నదా? లేనిచో తీర్మానము తెండు. ఎన్నికలు వచ్చినప్పుడు ఒక అభ్యర్థిని మాత్రము పిలిచి దండవేయుట మానిపించి, అందఱిని ఒకే వేదికపై కూర్చుండబెట్టి పింఛను, రైలు తగ్గింపు, ట్రిబ్యునలు, ఆసుపత్రి అను నాలుగు ప్రశ్నలు వేయించుడు. జమాఖర్చులు ఏటేట చదివించుడు. తీర్మానమున మీరు ఓడినచో మీ యసమ్మతిని మినిట్సు పుస్తకమున వ్రాయించుడు. అది మీ హక్కు. వ్రాయననువాడు కార్యదర్శిత్వమునకు తగడు. ఇన్నిచేసినను సంఘము పక్షపు కొట్టముగనే మిగిలినచో అప్పుడు లేచిపొండు, మేము తప్పుపట్టము. కాని గుమ్మము త్రొక్కకయే 'వారిది' అనువాడు దానిని నిజముగనే వారికి అప్పగించుచున్నాడు. ఏడుగురు వెలుపల నుండిరి గనుకనే లోపలి ముగ్గురిలో ఇద్దఱు ఒక పక్షమువారైరి; తప్పు ఆ ఇద్దఱిది కాదు.

భేదములున్నవారు ఒక్కచోట కూర్చుండుట మన సీమకు క్రొత్త కాదు. మహానందికి కూతవేటు దూరమని చెప్పదగిన నంద్యాలలోనే 1928 నవంబరు ఆంధ్రమహాసభ సందర్భమున దత్తమండలములు అను పరాయిపేరు పోయి 'రాయలసీమ' అను పేరు వచ్చినది. నాడు ఆ పందిటిక్రింద కూడినవారందఱు ఏకాభిప్రాయులు కారు. ఆంధ్రరాష్ట్రము వచ్చినచో కోస్తావారి క్రింద నలిగిపోదుమని సీమవారు శంకించుచుండిరి. ఆ శంకను దాచుకొనక చెప్పిరి, సమావేశములనుండి వెడలిపోలేదు. తొమ్మిదేండ్లకు, 1937 నవంబరు 16న, మద్రాసున కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ గృహమున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు మొదలగు సీమ నాయకులును, కొండ వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య మొదలగు కోస్తా నాయకులును ఒడంబడిక వ్రాసికొనిరి. అందలి మాటలన్నియు చెల్లినవా యని పాఠకులు అడుగుదురు. చెల్లలేదు, ఆ బాధ మాకును కలదు. అయినను నేటికిని నీటికొఱకు, ఉన్నతన్యాయస్థానముకొఱకు సీమ నోరెత్తినప్పుడెల్ల చేతబట్టుకొను కాగితము అదియే. కూర్చుండి వ్రాయించినవారు లేనిచో ఆ కాగితమును లేదు.

సంఘములవారికిని ఒక మాట చెప్పవలసియున్నది. వృద్ధుల సంఘములని పేరు పెట్టుకొన్నవానిలో అనేకము విశ్రాంతోద్యోగుల సంఘములే. కరవుభత్యపు బకాయిలనుగూర్చి పది తీర్మానములు చేసి, కూలిచేసిన ముసలిదానికి నెలపింఛను ఆగినప్పుడు ఒక్క కార్డైనను వ్రాయరు. సభలలో కుర్చీలన్నియు మగవారివే. పల్లెలలో దిక్కులేక మిగులువారు చాలవఱకు వితంతువులని అందఱు ఎఱిగినదే. వారు సభకు రారనుట సాకు. వారి వాకిటికి సభ పోలేదు. 2011 జనాభాలెక్కలలో అరువదియేండ్లు నిండినవారు దేశమున 10 కోట్ల 38 లక్షలు. అందులో ఉద్యోగపు పింఛనుగలవారు కొలదిమందియే. ఆ కొలదిమంది భాష నేర్చినవారు, అర్జీ వ్రాయనేర్చినవారు, కచేరి మెట్లు ఎక్కనేర్చినవారు. వారి నేర్పు వారి బకాయిలతోనే ముగిసినచో రైతు వారిని నమ్మకుండుట పక్షభేదముచేత మాత్రము కాదు.

ఆ రైతు నాలుగు నెలలకు మరల వచ్చెను. ఈసారి వెంట ఉపాధ్యాయుడు గూడ వచ్చెను. నడుమ ఏమి జరిగెనో మేమడుగలేదు. ఉపాధ్యాయుడే తోటవైపు పోయి మంచముపై కూర్చుండి, రాజకీయమెత్తక, దానపత్రపు నకలు అడిగెనని తరువాత వింటిమి. అర్జీ సంఘముపేర పడినది. దానపత్రమున పోషణపు షరతు లేదు గనుక తోట తిరిగివచ్చుట కష్టమని ఇరువురికిని నిష్కర్షగ చెప్పితిమి. పోషణధనము మాత్రము రావచ్చును. మొదటి వాయిదానాడు డివిజను కచేరికి ఇరువురును ఒకే బస్సులో వచ్చిరి, వేఱువేఱు సీట్లలో. కుమారుడు రాలేదు. వాయిదా మూడు వారములు పడినది. తిరుగుబస్సు వచ్చులోపల రైతు టీ త్రాగి, ఉపాధ్యాయుని చందా రసీదు పుస్తకము చూపుమనెను.